గ్యాస్ స్టవ్ మంట సన్నబడిందా? బండ బుక్ చేసే ముందు ఇవి చూడండి

స్టవ్ మీద ఇడ్లీ పాత్ర పెట్టి ఎంతసేపైనా ఆవిరి రాకపోతే మనకు ముందు అనుమానం వచ్చేది బండ మీద. "అయిపోవచ్చినట్టుంది" అనుకుని బుక్ చేసేస్తాం. కొత్తది వస్తుంది, బిగిస్తాం, మంట మాత్రం మళ్లీ అంతే ఉంటుంది.

బండ లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం మిగిలి ఉన్నంతకాలం పైన ఆవిరి తయారవుతూనే ఉంటుంది. రెగ్యులేటర్ ఆ ఒత్తిడిని బాగా తగ్గించి, దాదాపు ఒకే స్థాయిలో స్టవ్‌కి పంపిస్తుంది. అందుకే బండ అయిపోయేటప్పుడు మంట చివర్లో, కాసేపట్లోనే పడిపోతుంది తప్ప వారాల తరబడి మెల్లగా తగ్గదు. మీ ఇంట్లో మంట నెల రోజులుగా కొద్దికొద్దిగా సన్నబడుతూ వచ్చిందంటే తప్పు బండది కాదు, చాలావరకు బర్నర్‌ది. దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. గ్యాస్ వాసన వస్తుంటే ఈ పనులేవీ మొదలుపెట్టకండి. రెగ్యులేటర్ ఆపేసి, తలుపులు, కిటికీలు తీసి, లైటు స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకుల కోసం దేశమంతటికీ ఉన్న ఎమర్జెన్సీ నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి నేలబారునే పేరుకుంటుంది. పై కిటికీ ఒక్కటి తీస్తే చాలదు, తలుపు కూడా తెరవాలి.

ముందు మంటని చూడండి

గిన్నెలన్నీ దించేసి, వంటింట్లో లైటు ఆపి, ఫ్యాన్ కూడా ఆపి, ఒక్కో బర్నర్‌నీ విడిగా వెలిగించండి. పై నుంచి కాకుండా కొంచెం వంగి పక్క నుంచి చూడాలి. బాగున్న మంటలో ప్రతి రంధ్రం దగ్గరా లేత నీలం రంగులో చిన్న మొన ఒకటి కనిపిస్తుంది, దాని చుట్టూ ముదురు నీలం పొర ఉంటుంది. మొనలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు ఒకటే ప్రశ్న: మంట అన్ని బర్నర్లలోనూ తక్కువగా ఉందా, ఒక్కదాంట్లోనే ఉందా? ఒక్కదాంట్లోనే అయితే తప్పు ఆ బర్నర్, దాని కింది గొట్టం, జెట్ (గొట్టంలోకి గ్యాస్ వదిలే చిన్న ఇత్తడి ముక్క), నాబ్, ఈ నాలుగింట్లో ఎక్కడో ఉంది. బండ, రెగ్యులేటర్, పైపు అన్ని బర్నర్లకీ ఉమ్మడివి కాబట్టి వాటి జోలికి వెళ్లక్కర్లేదు. అన్నింట్లోనూ తక్కువగా ఉంటే దాదాపుగా ఆ ఉమ్మడివాటిలోనే ఉంది, బర్నర్లు తోముతూ కూర్చుంటే ఆదివారం వృథా. సగం రిపేరు ఖర్చులు ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

అనుమానం తీరకపోతే ఇంకో పరీక్ష ఉంది. పెద్ద బర్నర్‌ని పూర్తిగా పెట్టి, పక్కదాన్ని కూడా వెలిగించండి. మొదటిది రవ్వంత తగ్గడం మామూలే. బాగా కుంగిపోయిందంటే స్టవ్‌కి చేరే గ్యాసే సరిపోవడం లేదు. సిమ్‌లో బాగానే ఉండి, నాబ్ ఎంత తిప్పినా మంట పెరగకపోవడం కూడా అన్ని బర్నర్లలో కనిపిస్తే ఇదే గుర్తు.

ఒక్క బర్నర్‌లోనే మంట తక్కువైతే

మన వంటల్లో పొంగేవి ఎక్కువ. పాలు, గంజి, పప్పు నురగ, చారు. వీటిలో గంజి అన్నింటికంటే మొండిది. రంధ్రంలోకి దిగి, వేడికి ఎండి, పలచని పెంకులా గట్టిపడుతుంది. పైకి బర్నర్ తళతళలాడుతూనే ఉంటుంది. తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే సగం రంధ్రాల్లోంచి వెలుగు రాదు.

రెగ్యులేటర్ ఆపి, బర్నర్ పూర్తిగా చల్లారాక పైకి ఎత్తి తీయండి. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలో వేస్తే వంకరపోయే ప్రమాదం ఉంది. ఇత్తడి బర్నర్ అయితే గోరువెచ్చని నీళ్లలో చింతపండు పిసికి, కాస్త ఉప్పు వేసి అరగంట నానబెట్టండి. ఇత్తడి బిందెలు తోమే పద్ధతే ఇక్కడా. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మూసుకుపోయిన రంధ్రాల్లో సన్నటి సూదిని నిలువుగా దించి తీయండి. మెలితిప్పి పెద్దది చేయకండి. రంధ్రం వెడల్పైతే మంట లోపలికి పోయి, టప్‌మని శబ్దంతో గొట్టంలో అంటుకోవచ్చు. బర్నర్ అల్యూమినియంది అయితే చింతపండు, వంటసోడా రెండూ వద్దు. సోడా అల్యూమినియాన్ని నల్లగా చేసి తినేస్తుంది. గిన్నెల సబ్బు, గోరువెచ్చని నీళ్లు, బ్రష్ చాలు.

కడిగాక బోర్లించి, నేల మీద పరిచిన గుడ్డ మీద నాలుగుసార్లు తట్టండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తడి బర్నర్ పెట్టి వెలిగిస్తే మంట చిటపటలాడుతూ పసుపు రంగులో వస్తుంది, "కడిగాక ఇంకా పాడైంది" అని కంగారు పడతారు. ఎండలో పెట్టండి, లేదా రాత్రి కడిగి పొద్దున బిగించండి. తిరిగి పెట్టేటప్పుడు అడుగున ఉన్న గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో కదిపి చూడండి. ఒక పక్క లేచి ఉంటే ఆ పక్క మంట పెద్దగా, ఇటు పక్క చిన్నగా వస్తుంది. పెద్ద బర్నర్, చిన్న బర్నర్ మూతలు తారుమారు కావడం కూడా తరచూ జరిగేదే.

బర్నర్ శుభ్రంగా ఉన్నా మంట సన్నగానే ఉంటే కిందికి దిగాలి. బర్నర్ కూర్చునే గొట్టాన్ని మిక్సింగ్ ట్యూబ్ అంటారు. స్టవ్ కింద ఆ గొట్టం మూతి దగ్గర, నాబ్ నుంచి వచ్చే ఇత్తడి జెట్ ఉంటుంది. రెండింటి మధ్యా కావాలనే ఖాళీ వదులుతారు. జెట్ నుంచి గ్యాస్ వేగంగా దూకుతూ పక్కనున్న గాలిని తనతోపాటు గొట్టంలోకి లాక్కుపోతుంది. ఆ గాలి కలిస్తేనే మంట నీలంగా వస్తుంది. గొట్టంలో అడ్డు ఉంటే గాలి తగ్గి, మంట పసుపు పచ్చగా సాగి, గిన్నెల అడుగున మసి పడుతుంది. నీలంగానే ఉండి పొట్టిగా ఉంటే గాలి సంగతి బాగానే ఉంది, గ్యాస్ తక్కువ వస్తోందన్న మాట. అప్పుడు చూడాల్సింది జెట్‌నీ, నాబ్‌నీ. నారింజ రంగు మెరుపులు మాత్రం అప్పుడప్పుడూ వచ్చిపోతే కంగారు అక్కర్లేదు. గాలిలో దుమ్మున్నా, ఉప్పు వేసిన నీళ్లు చిందినా అలా వస్తుంది.

సెలవులకి ఊరెళ్లి వచ్చాక మంట తేడాగా ఉంటే ముందు ఈ గొట్టాన్నే అనుమానించండి. సాలీడు గూడు కట్టడానికి అంత అనువైన చోటు వంటింట్లో ఇంకొకటి లేదు. చీకటి, సన్నటి సందు, పైగా ఎవరూ కదపరు. బొద్దింకలు కూడా అక్కడే చేరతాయి.

శుభ్రం చేయాలంటే రెగ్యులేటర్‌ని బండ నుంచి తీసేయండి, పైపు ఊడదీయండి. గ్లాస్ టాప్ స్టవ్ అయితే మడతపెట్టిన దుప్పటి పరిచి దానిమీద జాగ్రత్తగా బోర్లించాలి. పాలసీసాలు కడిగే సన్నటి బ్రష్‌ని పై నుంచి గొట్టంలోకి దూర్చి, మూతి దగ్గర బయటికి వచ్చేదాకా తిప్పండి. పొడిగానే చేయండి, నీళ్లు పోయొద్దు. చివర్లో స్టవ్‌ని మామూలుగా నిలబెట్టి పైనుంచి గట్టిగా ఊదితే మిగిలిన దుమ్ము కింది మూతిలోంచి రాలిపోతుంది.

జెట్ సంగతి కొంచెం నిదానంగా

జెట్ చూడటానికి చిన్న ఇత్తడి బోల్టులా ఉంటుంది. మధ్యలో రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. ఎంత గ్యాస్ రావాలో తేల్చేది ఆ రంధ్రమే. పొంగిన చారు బొట్టు ఒకటి గొట్టంలోంచి జారి దానిమీద పడి ఎండినా మంట సగమైపోతుంది.

దీన్ని శుభ్రం చేయడానికి పిన్నీసు వాడకండి. ఇత్తడి మెత్తన, ఉక్కు గట్టి. రెండు మూడుసార్లు పొడిస్తే రంధ్రం వెడల్పవుతుంది, మళ్లీ తగ్గించడం ఎవరి వల్లా కాదు. కరెంటు వైరు లోపల ఉండే సన్నటి రాగి పోగు ఒకటి తీసి దాన్ని నెమ్మదిగా దూర్చి తీయండి. మీ స్టవ్‌లో జెట్‌ని స్పానర్‌తో విప్పే వీలుంటే, విప్పి ఊదితే ఇంకా మంచిది. ఒకేసారి రెండు జెట్లు విప్పకండి. పెద్ద బర్నర్‌దీ చిన్న బర్నర్‌దీ పైకి ఒకేలా ఉంటాయి, రంధ్రాలు మాత్రం వేరు. అటుదిటు ఇటుదటు అయితే ఒకటి ఆకలితో, ఇంకొకటి మసితో ఇబ్బంది పెడతాయి.

ఇంకో సంగతి. వీధిలో కేకేస్తూ వచ్చే స్టవ్ రిపేరువాళ్లలో పనితనం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు మాత్రం ఏ ఫిర్యాదు చెప్పినా జెట్‌లో పిన్ను పెట్టి రంధ్రం పెద్దది చేసేస్తారు. ఆ పూటకి మంట భగ్గున లేస్తుంది, మనకీ సంతోషమే. తర్వాత గిన్నెలు నల్లబడతాయి, బండ ముందే అయిపోతుంది. రిపేరు చేయించాక మంట కొసలు పసుపుగా మారాయంటే జరిగింది ఇదే కావచ్చు. మందు ఒక్కటే, మీ స్టవ్ కంపెనీ మోడల్‌కి సరిపోయే కొత్త జెట్ వేయించడం.

బర్నర్, గొట్టం, జెట్ మూడూ బాగున్నాయి, అయినా ఆ ఒక్కదాంట్లోనే మంట లేదు, నాబ్ కూడా బిగుసుగా తిరుగుతోంది. అప్పుడు నాబ్ లోపలి వాల్వ్‌లో గ్రీజు ఎండి దారి మూసుకుంటోందన్న మాట. ఇది ఇంట్లో చేసే పని కాదు. కొబ్బరినూనె చుక్క వేసి తిప్పడం కొన్ని ఇళ్లలో అలవాటు, దయచేసి వద్దు. ఆ వాల్వ్‌లో గ్యాస్ బయటికి రాకుండా ఆపేది ప్రత్యేకమైన గ్రీజే, నూనె దాన్ని కరిగించేస్తుంది. మెకానిక్ విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెడతాడు. నాబ్ లాగేస్తే కనిపించే చిన్న స్క్రూ సిమ్ మంటని సరిచేయడానికే. దాన్ని ఎంత తిప్పినా పెద్ద మంట పెరగదు.

అన్ని బర్నర్లలోనూ తక్కువైతే

ముందు రెగ్యులేటర్ నాబ్ పూర్తిగా ఆన్ వైపు తిరిగి ఉందో లేదో చూడండి. నవ్వుకోకండి, సగంలో ఆగిపోయిన రెగ్యులేటర్ కోసం మెకానిక్‌ని పిలిపించే ఇళ్లు ఉన్నాయి. ఆపేసి, తీసి, మళ్లీ క్లిక్‌మనేదాకా బిగించి చూడండి. తీసినప్పుడు బండ వాల్వ్ లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉందా, చీలిందా గమనించండి. చీలి ఉంటే దానిమీద రెగ్యులేటర్ పెట్టొద్దు, మూత బిగించి ఏజెన్సీకి చెప్పండి.

బండలో ఎంత ఉందో తేల్చుకోవడం తేలిక. ఖాళీ బండ బరువు దాని పిడి కింది పట్టీల మీద అచ్చు వేసి ఉంటుంది. ఇంటి బండలో నింపేది 14.2 కిలోలు. ఇంట్లో తూకం ఉంటే మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్. తూకం లేకపోతే తడిగుడ్డతో బండని పైనుంచి కిందిదాకా ఒకసారి తుడిచి రెండు మూడు నిమిషాలు ఆగండి. ద్రవం లేని పైభాగం ముందు ఆరిపోతుంది, ద్రవం ఉన్నంత మేరా తడి నిలుస్తుంది. ఆ గీతే మీ లెక్క.

చివరి చుక్కల కోసం బండని పడుకోబెట్టడం, తలకిందులు చేయడం, వేడినీళ్ల టబ్బులో నిలబెట్టడం చేయొద్దు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. అక్కడి నుంచి స్టవ్‌కి చేరితే మంట ఎంత ఎత్తున లేస్తుందో ఊహించడం కష్టం.

చలికాలం ఆదిలాబాద్ వైపో, లంబసింగి వైపో ఉండేవాళ్లకి ఇంకో కారణం ఉంటుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని బండ చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకుంటుంది. తెల్లవారుజామున మూడు బర్నర్లూ ఒకేసారి వెలిగిస్తే బండ చల్లబడిపోయి మంట కుంగవచ్చు. పెళ్లి వంటల దగ్గర పెద్ద పొయ్యిలకి పెట్టిన బండల మీద మంచు పొర కట్టడం చూసే ఉంటారు, అదే సంగతి. ఇంట్లో అయితే ఒక బర్నర్ తగ్గించి, కాసేపు ఆగితే సర్దుకుంటుంది.

బండ నిండుగా ఉంది, చలీ లేదు. అప్పుడు పైపు చూడాలి. నారింజ రంగు సురక్షా పైపు అయితే దానిమీద గడువు తేదీ ఉంటుంది, సాధారణంగా తయారైనప్పటి నుంచి ఐదేళ్లు. గడువు దాటితే ఎంత కొత్తగా కనిపించినా మార్చేయండి. బండ వెనక్కి నెట్టినప్పుడు పైపు మడత పడిందా, స్టవ్ కాలు కింద నలిగిందా, ఎలుక కొరికిందా చూడండి. రెండు చివర్లూ ఊడదీసి వెలుతురుకి పెడితే లోపల రబ్బరు ఉబ్బిందో లేదో తెలుస్తుంది. పైపు పొడవు ఒకటిన్నర మీటరు మించకూడదు. దానికి గుడ్డ చుట్టడం, ప్లాస్టిక్ తొడుగు వేయడం అందానికి బాగుంటుంది కానీ పగుళ్లు కనిపించవు.

కొందరు రెగ్యులేటర్‌కీ బండకీ మధ్య బజారులో కొన్న సేఫ్టీ మీటర్ బిగిస్తారు. ఉన్నట్టుండి గ్యాస్ ఎక్కువ లాగితే దారి మూసేయడం వాటి పని. నాబ్ ఒక్కసారిగా తిప్పినా అది లీకనుకుని సగం మూసేస్తుంది. అది తీసేసి నేరుగా రెగ్యులేటర్ బిగిస్తే మంట సరిగ్గా వచ్చిందంటే దొంగ దొరికినట్టే.

ఇవన్నీ దాటితే మిగిలేది రెగ్యులేటర్. మంట ఉండుండి ఊగుతున్నా, రెగ్యులేటర్ దగ్గర సన్నగా గుంయ్‌మన్నా అనుమానం ఇంకా బలపడుతుంది. దీన్ని విప్పకండి, బయట కొనకండి. కనెక్షన్ కాగితం, పాత రెగ్యులేటర్ పట్టుకుని ఏజెన్సీకి వెళ్తే మార్చి ఇస్తారు. హోటళ్లలో వాడే, ఒత్తిడి పెంచుకునే హైప్రెషర్ రెగ్యులేటర్ ఇంటి స్టవ్‌కి తగిలిస్తే మంట పెరుగుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. ఇంటి స్టవ్, పైపు ఆ ఒత్తిడికి తయారైనవి కావు.

పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో పైపుల ద్వారా గ్యాస్ వచ్చే అపార్ట్‌మెంట్‌లోకి మారి, పాత స్టవ్‌నే తగిలిస్తే మంట దీపంలా వస్తుంది. స్టవ్ పాడైనట్టు కాదు. పైపులో వచ్చేది సహజ వాయువు. ఒకే పరిమాణంలో చూస్తే బండ గ్యాస్ ఇచ్చే వేడిలో సగం కూడా ఇవ్వదు, స్టవ్‌కి చేరే ఒత్తిడి కూడా తక్కువే. అందుకని జెట్ రంధ్రం పెద్దది ఉండాలి. కనెక్షన్ ఇచ్చేటప్పుడు వాళ్ల మనిషే స్టవ్‌ని దానికి తగ్గట్టు మార్చాలి, మార్చలేదని అనిపిస్తే అడగండి.

తిరుగు ప్రయాణం ఇంకా ప్రమాదం. అలా మార్చిన స్టవ్‌ని ఊళ్లో అమ్మావాళ్లకి ఇచ్చి బండకి తగిలిస్తే, ఆ పెద్ద రంధ్రంలోంచి పసుపు మంట గిన్నె అంచులు దాటి లేస్తుంది. ఇచ్చే ముందే జెట్లు మార్పించండి.

ఏ భాగం విప్పి బిగించినా చివరి పని ఒకటే. నాబ్‌లన్నీ ఆపి, రెగ్యులేటర్ ఆన్ చేసి, గిన్నెల సబ్బు నురగని పైపు రెండు చివర్లకీ, రెగ్యులేటర్ చుట్టూ పూయండి. బుడగలు ఉబ్బుతుంటే వెంటనే ఆపేసి మళ్లీ బిగించండి. అగ్గిపుల్ల గీసి చూడటం ఎప్పుడూ వద్దు. జెట్ విప్పి ఉంటే దాని మొదలు దగ్గర నురగ పూసి, ఆ బర్నర్ నాబ్‌ని ఒక్క క్షణం తెరిచి మూయాలి. ఆ కాసేపూ కిటికీ తీసి ఉంచండి, దగ్గర్లో దీపం కూడా ఉండకూడదు. గ్యాస్ జెట్ మొనలోంచి రావాలి, జెట్ బిగించిన చోట బుడగ వచ్చిందంటే స్టవ్ వెలిగించకుండా మెకానిక్‌ని పిలవండి. పిలిచినప్పుడు "మంట తక్కువ" అని ఊరుకోకుండా, ఒక్క బర్నర్‌లోనా అన్నింట్లోనా, నీలంగా పొట్టిగానా పసుపుగా పొడవుగానా చెప్పండి. ఏ సామాను తెచ్చుకోవాలో అతనికి అక్కడే తెలిసిపోతుంది.